ఎదురుగది ముందు గ్లాసు

మా ఫ్లోర్లో పొద్దున్నే ఎవరూ ఎవరి తలుపూ కొట్టరు. కొట్టారంటే ఏదో జరిగిందన్నమాటే. ప్రతి గది పక్కనా గోడకి చిన్న చెక్కబల్ల బిగించి ఉంటుంది. తెల్లవారుతుండగా లేచి, మొహం కడుక్కుని, ఎవరి స్టీలు గ్లాసు వాళ్ళు ఆ బల్ల మీద పెట్టాలి. వంటావిడ కాఫీ క్యాను మోసుకుంటూ వచ్చి, గ్లాసు కనబడిన చోటల్లా పోసి, పైన మూత పెట్టి వెళ్ళిపోతుంది. గ్లాసు ఉంటే మనిషి లేచినట్టు, క్షేమంగా ఉన్నట్టు. లేకపోతే అప్పుడు తలుపు కొడుతుంది. పలక్కపోతే కిందనుంచి మేనేజరు తాళంచెవి తెస్తాడు.

ఈ పెద్దవాళ్ళ ఇంటికి వచ్చిన కొత్తలో ఈ ఆచారం చూసి ఫక్కున నవ్వాను. "బతికున్నామని గ్లాసుచేత సాక్ష్యం చెప్పించుకోవాలా, నా మొహం!" అన్నాను. తర్వాత నాకూ అలవాటైపోయింది. పళ్ళు తోముకోవడం మరిచిపోతానేమో గానీ గ్లాసు మరవను.

మాది అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక, బల్కంపేట వైపు పోయే సందులో ఐదంతస్తుల మేడ. ఇదివరకు ఇందులో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడిచేదట. గదికో తెల్లబోర్డు గోడకి దిగ్గొట్టి పోయారు. పీకితే గోడ ఊడొస్తుందని అలాగే వదిలేశారు. నా గది బోర్డు మీద ఎవరో మాస్టారు చెరగని ఇంకుతో గీసిన గీతలున్నాయి. రెండు డబ్బాలు, వాటి మధ్యనుంచి తలుపు వైపు చూపించే ఒక బాణం గుర్తు. వంటావిడ కిరసనాయిలు పెట్టి రుద్దితే సాయంత్రానికి పోయింది. తెల్లారి వెలుగు పక్కనుంచి పడేసరికి మళ్ళీ కనబడింది. ఆ తర్వాత నేను తుడిపించలేదు. తలుపు ఎటుందో నాకు తెలుసు, ఒక బాణం వచ్చి చెప్పక్కర్లేదు అనుకునేదాన్ని.

నన్నెవరూ ఇక్కడ దింపేసి పోలేదు, ఆ జాలి నాకొద్దు. పిల్లల్లేరు. మా ఆయన పోయాక పంజాగుట్టలో ఫ్లాటు అమ్మేసి, నా పెట్టె నేనే సర్దుకుని, ఆటో ఎక్కి వచ్చాను. పుట్టింది తెనాలి దగ్గర, బతికిందంతా ఈ ఊళ్ళోనే, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. ట్రంకు కాల్స్ కలిపేదాన్ని. నంబరు ఒకసారి వింటే చాలు, మళ్ళీ అడిగేదాన్ని కాదు. 'హలో' అన్న ముక్క విని మనిషిది ఏ జిల్లానో చెప్పేదాన్ని. నా జ్ఞాపకం మీద నాకు పొగరుండేది. ఎందుకుండకూడదు?

ఎదురుగది ఆవిడది సిరిసిల్ల. మగ్గాల ఇంట్లో పుట్టి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి, అమీర్‌పేట సందులో అరుగంత కొట్టు పెట్టుకుని, చూపు ఆనినన్నాళ్ళూ జాకెట్లు కుట్టింది. భర్త పోయాక కుట్టుమిషనుతో సహా మా ఫ్లోరుకి వచ్చేసింది. చప్పుడవుతుందని మేనేజరు నసిగితే, "చప్పుడు ఆగిననాడు వచ్చి చూడు సారూ, నేను పోయినట్టే," అందిట. నాకంటే చిన్నది. నేను టైలరమ్మా అని పిలిచేదాన్ని, తను నన్ను ఫోనక్కా అనేది. ఇద్దరికీ ఒక్క విషయంలోనూ పొత్తు కుదిరేది కాదు. నాకు కాఫీలో పంచదార తక్కువ, తనకి పాకంలా ఉండాలి. అయినా ఒకరు లేందే ఒకరికి పొద్దుపోయేది కాదు.

మా ఇద్దరి భయం మాత్రం ఒక్కటే. ఐదో ఫ్లోరు.

ఈ ఊళ్ళో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే 'ఎర్రగడ్డకి పంపుతా' అని ఆటపట్టిస్తారు, పిచ్చాసుపత్రి అక్కడుంది మరి. మా మేడలో ఆ మాట ఎవరూ అనరు, ఎందుకంటే మాకు అంతదూరం పోనక్కర్లేదు. మతిమరుపు ముదిరిన వాళ్ళని ఐదో ఫ్లోరులో ఉంచుతారు. లిఫ్టులో ఐదు అంకె నొక్కితే వెలగదు, ఆయాల మెళ్ళో వేలాడే కార్డు ఆనిస్తేనే కదులుతుంది. అక్కడి తలుపులకి గడియలు బయటవైపు. మధ్యాహ్నం ఒకాయన వచ్చి వాళ్ళందరిచేత వ్యాయామానికని చప్పట్లు కొట్టిస్తాడు. ఆయన మెట్లు దిగి, బండి స్టార్టు చేసి, సందు మలుపు తిరిగిపోయాక కూడా పైనుంచి చప్పట్లు వినబడుతూనే ఉంటాయి. ఆపమని చెప్పేవాళ్ళు ఉండరు కాబోలు.

మా ఫ్లోరు చివరిగదిలో ఒక రిటైరైన బ్యాంకు ఆయన ఉండేవాడు. సాయంత్రాలు మాకు పేపరు పైకి చదివి వినిపించేవాడు, వార్తలకంటే ఆయన తిట్లే బాగుండేవి. వరసగా కొన్నాళ్ళు పొద్దున గ్లాసు పెట్టడం మరిచిపోయాడు. డాక్టరు వచ్చి, ఇవాళ ఏం వారం, నిన్న ఏం కూర తిన్నారు అని మెత్తమెత్తగా అడిగాడు. ఆ వారమే ఆయన్ని తలగడతో సహా పైకి తీసుకుపోయారు. తర్వాత ఒకరోజు నేను సందులో నిలబడి తలెత్తితే, ఐదో ఫ్లోరు గ్రిల్లు వెనక కనబడ్డాడు. చెయ్యి ఊపాను. ఆయనా ఊపాడు, పోతున్న రైలుకి చిన్నపిల్లలు ఊపినట్టు. నేనెవరో ఆయనకి తెలీదు.

ఆ రోజే టైలరమ్మ నన్ను బల్కంపేట గుడికి లాక్కుపోయింది. ఎల్లమ్మ ముందు నా చెయ్యి పట్టుకుని, "నాకు మతి తప్పితే నువ్వు కాయాలె అక్కా, నీకు తప్పితే నేను కాస్త. మీదికి మాత్రం పోనియ్యద్దు. తల్లి మీద ఒట్టు," అంది. నేనూ ఒట్టేశాను. మనసులో మాత్రం, 'నాకెందుకు తప్పుతుంది, నువ్వు జాగ్రత్త' అనుకున్నాను.

అనుకున్నంతా అయింది. మరుసటేడు బోనాల తర్వాత ఆవిడలో తేడా కనబడటం మొదలైంది.

మొదట గ్లాసు. ఒక పొద్దున తన బల్ల ఖాళీగా కనబడింది. తలుపు తోసుకుని పోయాను. తను మిషను ముందు కూర్చుని తాపీగా దారం ఎక్కించుకుంటోంది. గ్లాసు కిటికీలో ఉంది. "మరిచిపోయావే మొద్దూ!" అని తిట్టి, నేనే తీసుకెళ్ళి బయట పెట్టాను. అప్పట్నించి రోజూ అదే నాకు మొదటి పని. లేవగానే ముందు తన గ్లాసు, తర్వాత నాది. తన పేరు చెక్కించిన పాతకాలపు గ్లాసు అది, అంచున చిన్న సొట్ట.

తర్వాత వారాలు మరవడం. కాఫీ పట్టుకుని నా మంచం మీద కూర్చుని రోజూ అడిగేది.

"ఫోనక్కా, ఇయ్యాల ఏం వారం?"

"బుధవారం."

"గట్లనా? నేను గురువారం అనుకున్న."

"గురువారమేలే. నువ్వలా గుచ్చి అడిగేసరికి నా నోరు జారింది."

"రాత్రి ఏం కూర తిన్నం?"

"తిన్నది కూడా నేనే గుర్తుపెట్టుకోవాలా? బీరకాయ."

"ఔనా. ఆ బీరకాయల ఇంత ఆలుగడ్డ సుత ఉండె."

"ఆఁ, ఆలుగడ్డే. బీరకాయ మొన్న."

పాపం, ఎంత చురుకైన మనిషి ఎలా అయిపోయిందో అని నాకు జాలేసేది. మళ్ళీ ఆ జాలి తనకి తెలియకూడదని కసురుకునేదాన్ని. మందులకని పంజాగుట్ట వైపు వెళ్తే, రోడ్డు దాటేటప్పుడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకునేది. భయం కాబోలు అనుకునేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు మెట్రో స్తంభాల కింద ఆగి, "ఇప్పుడు ఎటు పోవాలె అక్కా?" అనేది. నేను ఒకవైపు చూపిస్తే, "అరే, ఈ పక్కకు పానీపూరి బండి ఉన్నది, జర చూసి పోదాం," అని ఇంకోవైపు లాక్కుపోయేది. ఆవిడ పానీపూరి తినగా నేనెప్పుడూ చూడలేదు. ఎలాగో మా సందు వచ్చేసేది. నా కళ్ళజోడు ఒకసారి తన కత్తెరల డబ్బాలో దొరికింది. "నా జోడు నీ డబ్బాలోకి నడిచొచ్చిందా?" అని దులిపేశాను. తల వంచుకుని, "మరిచి తెచ్చిన కావచ్చు అక్కా," అంది.

డాక్టరు వచ్చే రోజున నేనే తన జడ వేసి, చెప్పాల్సినవి చెప్పించి పంపేదాన్ని. ప్రతిసారీ గట్టెక్కేది. ఒట్టు నిలబెడుతున్నానని నాకు గర్వంగా ఉండేది.

అలా ఉండగా సిరిసిల్లలో తన తమ్ముడి మనవరాలికి పెళ్ళి కుదిరింది. పోక తప్పదు. ఆవిడ మొహంలో పెళ్ళికళ లేదు, గుబులు తప్ప. సంచి సర్దుకుంటూ పదిసార్లు నా గదిలోకొచ్చింది. "జర పైలం అక్కా. ఒక్కదానివి రోడ్డు మీదికి పోకు. పొద్దుగాల నేనే ఫోన్ చేస్త."

"చాల్లే సంబడం! దారి తప్పేది నువ్వు, జాగ్రత్తలు నాకా?" అని, ఒక కాగితం మీద మా అడ్రసు రాసి తన పర్సులో కుక్కాను. కాదనకుండా పెట్టించుకుంది. గదికి తాళం వేసి, చెవి నడుముకి దోపుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లారి, మెట్రో మొదటి రైలు పోయిన చప్పుడికి బయటికొచ్చాను. నా బల్ల మీద నా గ్లాసు ఉంది. ఎదురుగా, తాళం వేసిన గది పక్కన, ఆవిడ బల్ల మీద ఆవిడ గ్లాసు ఉంది.

సొట్ట ఉంది. పేరు ఉంది. అనుమానం లేదు. వంటావిడ క్యానుతో వచ్చి నిలబడిపోయింది. ఆవిడ కృష్ణానగర్ మనిషి, సెలవు దొరికినప్పుడు సినిమాల్లో గుంపులో ఏడ్చే వేషాలకి వెళ్తుంది. అలాంటి ఆవిడ మొహం కూడా పాలిపోయింది. "ఆమె ఊరికి పోయింది గదమ్మా, గీ గ్లాసు ఎవరు పెట్టిన్రు?" అంది.

"నన్నడుగుతావేం? తాళం అలాగే ఉంది చూడు."

గ్లాసు తీసుకెళ్ళి నా బీరువాలో చీరల అడుగున పెట్టాను. మర్నాడు పొద్దున మళ్ళీ బల్ల మీద ఉంది. ఈసారి పెట్టెలో పెట్టి, పెట్టె మంచం కిందికి తోశాను. మర్నాడూ ఉంది. ఖాళీ గది ముందు, ఎవరో ఇప్పుడే లేచి పెట్టినట్టు తిన్నగా, పేరు బయటికి కనబడేలా.

నేను దెయ్యాలని నమ్మే రకం కాదు. కానీ మా ఫ్లోర్లో గ్లాసు అంటే ఏంటి? నేను లేచాను, బాగున్నాను అని. అక్కడ సిరిసిల్లలో ఏదో అయిపోయి, ఆవిడే వచ్చి చెప్పుకుంటోందా? వెంటనే ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. చివరికి బాజాల మోతలోంచి గొంతు వినబడింది. "అక్కా! ఇయ్యాల ఏం వారం?"

"వారం సంగతి తర్వాత! నువ్వు బతికే ఉన్నావా?" అని మొత్తం చెప్పాను. తాళం, బీరువా, పెట్టె, అంతా. అవతల బాజాలే వినబడుతున్నాయి, మనిషి మాట లేదు. ఎక్స్ఛేంజిలో పనిచేసినదాన్ని, లైను తెగడానికీ మనిషి ఆగిపోవడానికీ తేడా నాకు తెలుసు.

"అక్కా, గీ ముచ్చట ఎవరికి చెప్పకు," అంది చివరికి. "మేనేజరుకు అసలే చెప్పకు. నేనొస్తున్న."

"నువ్వొచ్చి ఏం చేస్తావే?"

"నేనొస్తున్నన్న గదా. నీ కాళ్ళు మొక్కుత, ఎవరికి చెప్పకు."

ఆ గొంతులో భయం నాకు అర్థం కాలేదు. నేను వింటేగా! ఎక్స్ఛేంజిలో ఒకసారి మా టిఫిను డబ్బాల దొంగని పట్టిన ఉపాయం గుర్తొచ్చింది. పసుపు తడిపి, గ్లాసుకి బయటంతా పట్టించి, మళ్ళీ పెట్టెలో పెట్టాను. ఎవరు ముట్టుకున్నా వేళ్ళకి అంటుకుంటుంది, సబ్బుకి కూడా ఒక పట్టాన వదలదు. రేపు దొంగ దొరుకుతాడు అనుకుని పడుకున్నాను.

పొద్దున గ్లాసు బల్ల మీద పచ్చగా మెరుస్తోంది. ఇంక ఆగలేదు. కారిడార్లో నిలబడి కేకలేశాను. తలుపులు తెరుచుకున్నాయి. కింద నుంచి మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "అందరూ చేతులు చూపించండి! లేని మనిషితో ఆటలేంటి మీకు?" అన్నాను. పాపం ముసలివాళ్ళు, గొణుక్కుంటూనే చేతులు చాపారు. వంటావిడ చాపింది. మేనేజరు కూడా చాపాడు. ఒక్కరి చేతికీ పసుపు లేదు.

"మరి మీ చేతులో అమ్మా?" అన్నాడు మేనేజరు, నవ్వుతూనే.

"నావా? చూసుకో," అని ఠీవిగా చాపాను.

కుడిచేతి వేళ్ళు పచ్చగా ఉన్నాయి. అరచెయ్యి పచ్చగా ఉంది. పైట మీద కూడా, తుడుచుకున్నట్టు, పచ్చటి వేళ్ళ గుర్తులు. పసుపు పట్టించాక సబ్బుతో, చింతపండుతో రుద్దిరుద్ది కడుక్కున్నాను, మార్చుకున్న చీర ఉతికింది. అంటే ఇది పొద్దుటి పసుపు. నేను ఎప్పుడు లేచాను? పెట్టె ఎప్పుడు లాగాను? ఆ చేతులు నావి కావనిపించింది. ఎవరో పక్కనుంచి చాపారేమో అని తిరిగి చూశాను కూడా.

ఎవరూ నవ్వలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. మేనేజరు గొంతు మెత్తబడిపోయింది. "పర్లేదమ్మా, పర్లేదు. రేపు డాక్టరు గారు వస్తారు, ఒకసారి మాట్లాడదాం." ఆ మెత్తదనం నాకు తెలుసు. చివరిగది ఆయనతో డాక్టరు అలాగే మాట్లాడాడు. గదిలోకొచ్చి తలుపేసుకున్నాను. బోర్డు మీద బాణం తలుపు వైపు చూపిస్తోంది. పైన చప్పట్లు మొదలయ్యేదాకా అలాగే కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే టైలరమ్మ దిగింది. పట్టుచీర మడతలు నలిగి, తల్లో పువ్వులు వాడి, పెళ్ళి లడ్డూల సంచితో బస్సు దిగి తిన్నగా వచ్చేసింది. మెట్ల దగ్గరే మేనేజరు విషయం చెప్పినట్టున్నాడు, కారిడార్లో ఆవిడ నవ్వు ఖంగుమంది.

"అయ్యో సారూ, గంతేనా! మా దిక్కు ఊరికి పోయినోళ్ల గ్లాసు రోజు పొద్దుగాల ఇంటి ముంగట పెడ్తరు. క్షేమంగ తిరిగొస్తరని. నేనే అక్కకు చెప్పి పోయిన. పసుపు సుత నేనే పెట్టమన్న. పసుపు లేకుంట పెడ్తరా ఎవరన్న?"

"మరి అందరి చేతులూ ఎందుకు చూపించమన్నారండీ?"

"ఎవరో కదిలించిన్రు కావచ్చు. కదిలిస్తే నాకు అరిష్టం గదా! అందుకే అక్కకు కోపమొచ్చింది. ఏం అక్కా?"

నేను తలుపు సందులోంచి, "అవును మరి," అన్నాను. నా గొంతు నాకే పీలగా వినబడింది. మేనేజరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆచారం అన్నాక ఆయనేమంటాడు? తలూపి కిందికి వెళ్ళిపోయాడు.

తలుపు గడియపెట్టి ఆవిడ నా పక్కన కూర్చుంది. నవ్వు ఎప్పుడో పోయింది.

"గ్లాసు నా దగ్గరికెలా వచ్చింది?" అన్నాను.

"నీ గదిలనే ఉంటది అక్కా. రోజు చీకట్ల లేచి నా తలుపు కొడుతుంటివి, గ్లాసు బయట పెట్టాలెనని. పెట్టిన సంగతి మరిచి మల్ల వస్తుంటివి. అందరు లేస్తరని భయమైంది. అందుకే నా గ్లాసు నీకే ఇచ్చిన."

"ఎన్నాళ్ళ నుంచే?"

"పోయినేడు బోనాల కాడి నుంచి."

"నీకు మరుపు లేదా?"

"నాకేం మరుపు అక్కా? కొట్టు మూసి ఎన్నేండ్లాయె, ఎవరి జాకెటు కొలత ఎంతనో ఇప్పటికి చెప్త."

"మరి రోజూ ఏం వారం అని...?"

"నీ నోటితోని ఒకసారి అనిపిస్తే ఆ రోజంత నీకు యాదుంటది. డాక్టర్ అడిగితే చెప్తవు. నాకు జడేస్తవు చూడు, గప్పుడు అన్ని నువ్వే చెప్పి నువ్వే నేర్చుకుంటుంటివి." ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. "తప్పు తీస్కోకు. ఒట్టేసిన గదా."

గురివింద గింజ తన నలుపెరగదంటారు. నేను మెట్రో స్తంభాల కింద నిలబడి ఆవిడకి దారి చూపించానా! ఆవిడ పర్సులో అడ్రసు కుక్కానా! సిగ్గుతో కాదు, భయంతో ఏడ్చాను. బిగ్గరగా ఏడిస్తే వినబడుతుందని ఆవిడ నా మొహం తన భుజానికి అదుముకుంది. మర్నాడు డాక్టరు రాకముందే ఇద్దరం కూర్చుని అన్నీ చెప్పుకున్నాం. ఏం వారం, ఏం కూర, పెళ్ళిలో ఏం పెట్టారు. గట్టెక్కాను.

తమాషా ఏంటంటే, ఆవిడ అప్పటికప్పుడు అల్లిన ఆచారం మా ఫ్లోరు పట్టేసుకుంది. ఎవరు ఊరెళ్ళినా, ఆస్పత్రిలో చేరినా, పక్కవాళ్ళు వాళ్ళ గ్లాసు పసుపు బొట్టు పెట్టి బల్ల మీద ఉంచడం మొదలుపెట్టారు. కొన్ని పొద్దులు నేను బయటికొచ్చేసరికి, తాళాలు వేసిన గదుల ముందు గ్లాసులు వరసగా ఉండేవి. లేనివాళ్ళంతా లేచి కూర్చున్నట్టుండేది. మేనేజరుకి నచ్చలేదు, కానీ ఏమీ అనలేదు. ఆ వరసలో నా పొరపాటు ఎవరికీ కనబడేది కాదు.

ఎండాకాలం చివర్లో ఒక పొద్దున అలవాటు ప్రకారం ఆవిడ గ్లాసు, నా గ్లాసు పెట్టాను. వంటావిడ రెండింట్లో కాఫీ పోసి, మూతలు పెట్టి వెళ్ళింది. ఆవిడ కాఫీ పట్టుకుని నా గదిలోకి రాలేదు. ఏదో కుట్టుకుంటోందనుకున్నాను. మిషను చప్పుడు లేదన్న సంగతి నాకు తట్టలేదు. భోజనాల వేళ వంటావిడ ఎత్తబోతే ఆ కాఫీ మీగడ కట్టి అలాగే ఉంది. అప్పుడు తలుపు కొట్టారు.

తెల్లవారకముందే నిద్రలో పోయిందని డాక్టరు అన్నాడు. ఎవరూ ఏమీ చేయగలిగేది లేదన్నాడు. కానీ బల్ల మీద గ్లాసు చూసి ఎవరూ ఆ తలుపు కొట్టలేదు. పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా మా ఫ్లోరు మొత్తానికి ఆవిడ బతికే ఉంది. ఆ గ్లాసు పెట్టింది నేను.

ఆ మర్నాటి నుంచి ఒకరి గ్లాసు ఇంకొకరు పెట్టకూడదని మేనేజరు గట్టిగా చెప్పాడు. పెట్టినవాళ్ళ పేరు డాక్టరుకి చెబుతానన్నాడు. నన్నే చూస్తూ అన్నాడు. సిరిసిల్ల వాళ్ళు వచ్చి మిషను తీసుకుపోయారు. గ్లాసు ఎవరూ అడగలేదు.

ఇదంతా మధ్యాహ్నాలు కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నానికి నాకు అన్నీ తెలుస్తాయి. ఆవిడ లేదని తెలుసు, ఎలా పోయిందో తెలుసు, నా ఒట్టు కంటే ఆవిడ ఒట్టే గట్టిదని తెలుసు. చీకటి విడేవేళ మాత్రం నా చేతులకి తెలియదు. గ్లాసుని ఎన్నిచోట్ల దాచినా అవి వెతికి పట్టుకుని ఎదురు బల్ల మీద పెట్టేసి వస్తాయి. నాకు చెప్పి చేయవు.

ఇప్పటిదాకా మేనేజరు కంటపడలేదు. ఎందుకంటే వంటావిడ మా ఫ్లోరుకే ముందు వస్తోంది. రెండు గ్లాసుల్లోనూ కాఫీ పోసి, రెండూ చేతబట్టుకుని నా గదిలోకొచ్చి, తలుపు దగ్గరికేసి, సొట్ట గ్లాసులో కాఫీ తను తాగుతుంది. మొదటిరోజు "నీకెందుకే ఈ ముప్పు?" అని అడిగాను. "ఆమె నన్ను సుత బల్కంపేటకు తీస్కపోయిందమ్మా," అని మాత్రం అంది.

ఈ పొద్దున కూడా వచ్చి మంచం మీద కూర్చుంది. పైన అప్పుడే ఎవరో కుర్చీ ఈడుస్తున్నారు.

"ఇయ్యాల ఏం వారం అమ్మా?"

ఆ ప్రశ్న ఎందుకడుగుతారో ఇప్పుడు నాకు తెలుసు. అందుకే తొందరపడలేదు. నిన్న ఏం తిన్నానో తలుచుకున్నాను. గుళ్ళో ఏ రోజు రద్దీయో తలుచుకున్నాను. బోర్డు మీద బాణం కేసి చూశాను. అప్పుడు ఎక్స్ఛేంజిలో ఊరి పేరు పలికినట్టు, స్పష్టంగా, "గురువారం," అన్నాను.

వంటావిడ గ్లాసులోకి చూస్తూ ఒక గుటక వేసింది. సినిమాల్లో ఏడ్చే మనిషికి ఏడుపు ఆపుకోవడమూ వచ్చు.

"గట్లనా అమ్మా?" అంది. "నేను శుక్రవారం అనుకున్న."